జూల్ వెర్న్ మూడు నవలలను ఒకే కథగా కలపాలంటే: తేదీల వెంట పోకండి, రహస్యాల వెంట వెళ్లండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: జూల్ వెర్న్ రాసిన ‘కెప్టెన్ గ్రాంట్ పిల్లలు’, ‘సముద్ర గర్భంలో ఇరవై వేల లీగులు’, ‘రహస్య ద్వీపం’ మూడూ ఒకే లోకంలో జరుగుతాయి కాబట్టి, వాటి అధ్యాయాలను జరిగిన తేదీల వరుసలో పేర్చి, తెలుగులో ఒకే పెద్ద కథగా చేయాలనుకుంటున్నారు. తేదీలు ఎక్కడా పొసగడం లేదు. ఎలా సరిచేయాలి, చేశాక నలుగురికీ పంచవచ్చా అన్నది మీ సందేహం.

సూటిగా చెబుతాను. చేయవచ్చు, నిరభ్యంతరంగా పంచవచ్చు కూడా. కానీ అధ్యాయాలను తేదీల వరుసలో పేర్చకండి. ద్వీపం కథను వెన్నెముకగా పెట్టుకోండి. గ్రాంట్ కథను బాగా కుదించి ముందు పెట్టండి. ‘సముద్ర గర్భం’ నవలను, అంటే నాటిలస్ అనే జలాంతర్గామి కథను, దాదాపు చివరికి, దీవి అడుగున గుహలో దాని కెప్టెన్ నెమో దొరికిన తరువాతకు జరపండి. పాఠకుడికి ఏ సంగతి ఎప్పుడు తెలియాలన్నదాన్ని బట్టి వరుస నిర్ణయించుకోండి. సంవత్సరాలను చెరిపేయండి, వాటి మధ్య ఎడం మాత్రం కాపాడండి.

మా చదువరుల బృందం కోసం ఈ మూడింటినీ నేను ఇలాగే కలిపాను. ఇతర రచయితల వైజ్ఞానిక కల్పనల మీద కూడా ఇలాంటి పని చేస్తూ ఉంటాను. మూల పాఠాన్ని ఎంత ప్రేమిస్తే అంత నిర్దయగా కత్తిరించాల్సి వస్తుంది ఈ పనిలో. అందుకని కారణాలు వివరంగా రాస్తున్నాను.

ముందు తేదీల చిక్కుముడి

మీకు పొసగకపోవడంలో మీ లెక్క తప్పేమీ లేదు. నిజంగానే అవి పొసగవు. వెర్న్ ఈ మూడింటినీ ఒకేసారి ఆలోచించి రాయలేదు. గ్రాంట్ కథ 1865-67లో, నాటిలస్ కథ 1869-70లో, ద్వీపం కథ 1874-75లో ధారావాహికలుగా వచ్చాయి. మూడోది రాసేటప్పుడు మొదటి రెండింటిలోని మనుషులను తెచ్చి దీవి మీద నిలబెట్టాడు.

దీవి కథ కదలదు. అమెరికా అంతర్యుద్ధంలో రిచ్‌మండ్ నగరం ముట్టడిలో ఉండగా, 1865 మార్చిలో అయిదుగురు మనుషులు, ఒక కుక్క బెలూన్‌లో తప్పించుకుంటారు. ఇది చరిత్రకు మేకు కొట్టినట్టు బిగించిన తేదీ. నెమో చనిపోయేది 1868 అక్టోబరులో. దీవి పేలిపోయేది 1869 మార్చిలో.

ఇప్పుడు నాటిలస్ చూడండి. ప్రొఫెసర్ అరోనాక్స్ ఆ జలాంతర్గామిలో గడిపింది 1867 నవంబరు నుంచి 1868 జూన్ వరకు. అంటే ఒక పక్క నెమో అరోనాక్స్‌తో కలిసి సముద్రాలు చుడుతుండగా, మరో పక్క దీవి అడుగున గుహలో ముసలివాడై మరణం కోసం ఎదురుచూస్తున్నాడు! పైగా మరణశయ్య మీద నెమోయే, ఆ ఫ్రెంచివాడు (అరోనాక్స్) తన నౌకలోకి వచ్చి పదహారేళ్లయిందంటాడు. 1868 నుంచి పదహారేళ్లు వెనక్కి వెళితే 1852. కానీ అతడు నెమోగా మారడానికి కారణమే 1857 తిరుగుబాటు. ఇంకా ఉంది. అతడు ముప్పై ఏళ్ల వయసులో, 1849లో స్వదేశానికి తిరిగి వచ్చాడు. గుహలో స్థిరపడేనాటికి అరవై ఏళ్లవాడు. ఆ లెక్కన గుహలోకి వెళ్లాల్సింది 1879లో, అంటే తాను చనిపోయిన పదకొండేళ్లకు.

గ్రాంట్ కథలోని ద్రోహి అయర్టన్ సంగతీ అంతే. గ్రాంట్ కథలో, తప్పిపోయిన కెప్టెన్ గ్రాంట్‌ను వెతుకుతూ సాగే డంకన్ ఓడ ప్రయాణం 1864-65లో జరుగుతుంది. ఆ తేదీనే ఉంచితే, అయర్టన్‌ను టాబర్ దీవిలో వదిలేసిన ఏడాదిన్నరకే దీవి కథలోని మనవాళ్లు అతణ్ణి కనుగొంటారు. ఏడాదిన్నరలో మనిషి మాట మరిచి మృగంలా మారిపోయాడంటే ఎవరు నమ్ముతారు? అందుకే వెర్న్ దీవి కథలో డంకన్ ప్రయాణాన్ని పదేళ్లు వెనక్కి జరిపి 1854-55 చేశాడు. ఆ పన్నెండేళ్ల ఒంటరితనం మీదే అయర్టన్ పాత్ర మొత్తం నిలబడి ఉంది. కెప్టెన్ గ్రాంట్ కొడుకు రాబర్ట్ కూడా దాని మీదే ఆధారపడ్డాడు. మొదటి కథలో పన్నెండేళ్ల పిల్లవాడు, చివర్లో డంకన్ ఓడకు కెప్టెన్‌గా వస్తాడు.

ఈ వైరుధ్యాలు ప్రచురణకర్తకూ తెలుసు. తేదీలు కలవకపోవడం పాఠకులు గమనిస్తారనీ, అసలు తేదీలను మొదట ఎందుకు ఇవ్వలేదో తరువాత అర్థమవుతుందనీ దీవి కథలో అడుగున ఒక గమనిక ఉంటుంది. ఆ అర్థమయ్యే ఘట్టం ఎక్కడా రాదు.

సంవత్సరాలు వదిలి, ఎడం పట్టుకోండి

నేను తీసుకున్న నిర్ణయం ఇది. 1857, 1865 రెండూ నిజమైన చరిత్ర, వాటిని కదపకూడదు. కనుక నాటిలస్ ప్రయాణం ఆ రెంటి మధ్యా ఇమడాలి. నేను దాన్ని 1860 ప్రాంతంలో పెట్టుకున్నాను. పుస్తకంలో ఆ సంవత్సరం ఎక్కడా రాయలేదు, నా పట్టికలో మాత్రమే ఉంది. అక్కడ పెట్టడానికి ఇంకో కారణం, అప్పటికి అమెరికాలో యుద్ధం మొదలవలేదు. యుద్ధం నడుస్తుండగా ఒక వింత సముద్రజీవిని వేటాడమని అమెరికా ప్రభుత్వం యుద్ధనౌకను పంపదు.

ఇలా జరపగానే కొన్ని వివరాలు కాలానికి ఎదురు తిరుగుతాయి. వాటిని ఒక్కొక్కటిగా ఏరుకోవాలి. ఆ యుద్ధనౌక పేరు అబ్రహాం లింకన్. ఆయన అధ్యక్షుడయింది 1861లో, కనుక పేరు తీసేసి ‘అమెరికా యుద్ధనౌక’ అన్నాను. 1866లో వేసిన అట్లాంటిక్ టెలిగ్రాఫ్ తీగను నాటిలస్ చూసే ఘట్టం తీసేశాను. క్రీట్ తిరుగుబాటుదారులకు నెమో బంగారం పంపే ఘట్టాన్ని మాత్రం ఉంచాను. అతడి మనసు తెలిసేది అక్కడే. క్రీట్‌లో 1858లో కూడా తిరుగుబాటు జరిగింది కాబట్టి సంవత్సరం చెప్పకపోతే ఇబ్బంది లేదు.

అన్నిటికన్నా నాకు నచ్చిన చిన్న చిక్కు నెమో గదిలోని పటాలు. స్వేచ్ఛ కోసం పోరాడిన వాళ్ల బొమ్మలు గోడ మీద ఉంటాయి: పోలండ్ వీరుడు కోషూష్కో, ఐర్లండ్ నాయకుడు ఓకానెల్, వాషింగ్టన్, లింకన్, ఉరికంబం మీద జాన్ బ్రౌన్. లింకన్ హత్య జరిగింది 1865లో. కనుక ఆ పటం దిగాల్సిందే. జాన్ బ్రౌన్‌ను ఉరితీసింది 1859 డిసెంబరులో. 1860లో ఆ వార్త ఇంకా పచ్చిగానే ఉంటుంది. అందుకే ఆ పటాన్ని ఉంచడమే కాదు, అరోనాక్స్ చూపు దాని మీదే ఆగేలా చేశాను. తేదీ జరపడం వల్ల అసలు పాఠం కన్నా ఒక ఘట్టం బలపడిన సందర్భం ఇది. కలిపే పనిలో ఉన్న ఆనందం ఇలాంటి చోట్లే దొరుకుతుంది.

అయర్టన్‌కు వెర్న్ ఇచ్చిన పన్నెండేళ్లు అలాగే ఉంచండి. అప్పుడు డంకన్ ప్రయాణం 1854కు పోతుంది, దానితోపాటు న్యూజిలాండ్ భాగం మొత్తం తెగిపోతుంది. అది 1860ల మావోరీ యుద్ధాల నేపథ్యంలో ఉంది. తెగిపోవడం మంచిదే. మావోరీలను ఆ పుస్తకం చిత్రించిన తీరు ఇవాళ చదవలేం, కథ నడకకూ అది అక్కరలేదు. ఆస్ట్రేలియాలో బెన్ జాయిస్ (అయర్టన్ మారుపేరు ఇది) ముఠా వంతెన దగ్గర రైలును కూల్చే ఘట్టం కూడా ఇబ్బందే. ఆస్ట్రేలియాలో మొదటి ఆవిరి రైలు నడిచిందే 1854లో, అదీ మెల్‌బోర్న్ నుంచి రేవు దాకా. లోపలి ప్రాంతాలకు ఇంకా పట్టాలు లేవు. కానీ 1851 నుంచి అక్కడ బంగారం వేట సాగుతోంది. నేను రైలు స్థానంలో బంగారం తరలించే గుర్రపు బండిని పెట్టాను. నేరం అదే, వంతెన అదే.

నెమో పదహారేళ్లు అన్నచోట ‘ఎన్నో ఏళ్ల క్రితం’ అని రాసుకోండి. అరవై ఏళ్ల వయసు తీసేసి, వయసుకు మించిన ముసలితనం కమ్ముకుందని చూపితే చాలు. భార్యాబిడ్డలను, దేశాన్ని పోగొట్టుకున్న మనిషి నలభైలలోనే ముసలివాడయితే ఆశ్చర్యం ఏముంది?

ఎవరికి ఏమి ఎప్పుడు తెలుసు

తేదీల గొడవ తీరాక కూడా తేదీల వరుస ఎందుకు వద్దంటున్నానో ఇప్పుడు చెబుతాను. నా దృష్టిలో అసలు విషయం ఇదే.

దీవి కథను నడిపించేది ఒకే ప్రశ్న: మనకు కనపడకుండా సాయం చేస్తున్నది ఎవరు? సముద్రంలో పడిన వాళ్ల నాయకుడు, ఇంజనీరు సైరస్ స్మిత్ తీరానికి దూరంగా గుహలో దొరుకుతాడు. చెరువులో వాళ్ల కుక్క టాప్ మీద దాడి చేసిన జంతువు ఎవరో పొడిచినట్టు చచ్చి తేలుతుంది. పనిముట్లతో నిండిన పెట్టె ఒడ్డుకు కొట్టుకొస్తుంది. వాళ్లలో చిన్నవాడు హార్బర్ట్ జ్వరంతో చావుబతుకుల్లో ఉండగా క్వినైన్ డబ్బా మంచం పక్కన ప్రత్యక్షమవుతుంది.

వీటన్నిటిలో నాకు ప్రాణమైన ఘట్టం ఒకటుంది. దీవికి వచ్చి ఏడు నెలలయింది. వేటకు బాణాలు, ఉచ్చులే తప్ప తుపాకీ లేదు. ఒక సాయంత్రం అడవిపంది పిల్లల మాంసం వండుకుని హాయిగా తింటున్నారు. నావికుడు పెన్‌క్రాఫ్ ఉన్నట్టుండి కెవ్వుమంటాడు, పన్ను విరిగింది. రాయి కాబోలు అనుకుంటారు. నోట్లోంచి తీసి చూస్తే అది సీసపు రవ్వ. ఈ దీవిలో ఇటీవలే ఎవరో తుపాకీ పేల్చారు. మొదటి భాగం అక్కడ ఆగిపోతుంది.

ఇప్పుడు మీ పద్ధతిలో పేర్చి చూడండి. నాటిలస్ అధ్యాయాలు ముందే వచ్చేసి, నెమో తన నౌకను దీవి అడుగుకు చేర్చిన సంగతి కూడా వచ్చేస్తే, ఆ సీసపు రవ్వ పాఠకుడికి ఉత్త రవ్వగా మిగులుతుంది. పెన్‌క్రాఫ్ పన్నుతో పాటు పాఠకుడి గుండె కూడా ఝల్లుమనాలి కదా!

ఇక్కడ మరో ప్రలోభం ఎదురవుతుంది, జాగ్రత్త. నాటిలస్ కథలో నెమో మనుషులు వాడేవి మామూలు తూటాలు కావు. అవి ఉక్కు తొడుగు, సీసపు అడుగు ఉన్న గాజు గుళికలు, లోపల విద్యుత్తు నింపినవి. రెండు కథలను కలిపే ఉత్సాహంలో పందిపిల్ల మాంసంలో గాజు పెంకు దొరికినట్టు మార్చాలనిపిస్తుంది. మార్చకండి. గాజు పెంకు ఒకే ఒక మనిషి వైపు వేలు చూపుతుంది. సీసపు రవ్వ ఎవరిదైనా కావచ్చు: దొంగలది, ఓడవాళ్లది, దీవిలో ముందే ఉన్న ఇంకెవరిదో. అనుమానం నాలుగు వైపులా పారాలి.

అయర్టన్ విషయంలో మాత్రం దీనికి పూర్తిగా వ్యతిరేకంగా చేయాలి. నెమో గురించి పాఠకుడికి అందరికన్నా చివర తెలియాలి. అయర్టన్ గురించి అందరికన్నా ముందు తెలియాలి. గ్రాంట్ కథను ముందు పెట్టడం ఇందుకే. ద్రోహం చేసిన అయర్టన్‌ను టాబర్ దీవిలో ఒంటరిగా దించి, డంకన్ వెళ్లిపోతుంది. అక్కడ మొదటి భాగం ముగించండి. ఆ తరువాత చాలా కాలానికి దీవివాసులకు సముద్రంలో ఒక సీసా దొరుకుతుంది, అందులో టాబర్ దీవి పేరుంటుంది. పాఠకుడు నిటారుగా కూర్చుంటాడు. వెళ్లిన ముగ్గురికీ అక్కడ దొరికేది ఎవరో తెలియదు, పాఠకుడికి తెలుసు. జడలు కట్టిన జుట్టుతో, గుర్రుమంటూ మీదకు దూకే ఆ జీవిని చూసినప్పుడు కలిగే బాధ వేరు. అతడు మొదటిసారి కన్నీరు పెట్టే చోట ఆ బాధ రెట్టింపవుతుంది. మూడు పుస్తకాలను విడివిడిగా చదివినవాడికి ఈ అనుభవం ఇంత దగ్గరగా దొరకదు.

ఇదే సూత్రాన్ని మరో జంట నవలల మీద పరీక్షించి చూశాను. ఆర్సన్ స్కాట్ కార్డ్ రాసిన ‘ఎండర్స్ గేమ్’ 1985లో, ‘ఎండర్స్ షాడో’ 1999లో వచ్చాయి. ఒకే కథను ఇద్దరు పిల్లల కళ్లతో చెప్పిన నవలలివి (చదవనివాళ్లు ఈ పేరా దాటేయండి). రెండింటి అధ్యాయాలనూ ఒకదాని పక్కన ఒకటి పెట్టి చదివే అభిమానులు ఎందరో ఉన్నారు. శిక్షణ పాఠశాల వరకూ అది ఎంతో బాగుంటుంది. చివరి ఘట్టం దగ్గర దెబ్బతింటుంది. తాము ఆడుతున్నది ఆట కాదు, నిజమైన యుద్ధమని ఎండర్‌కు అంతా అయిపోయాకే తెలుస్తుంది. రెండో పిల్లవాడు బీన్ మాత్రం ముందే పసిగడతాడు. తేదీల వరుసలో కలిపితే బీన్ నోటితో రహస్యం ముందే బయటపడి, ఎండర్ కుప్పకూలే ఘట్టం చప్పబడిపోతుంది. నా సొంత చదువు కోసం చేసుకున్న కూర్పులో బీన్ చివరి అధ్యాయాలను ఎండర్ కథ ముగిశాక పెట్టుకున్నాను. కాలం వెనక్కి వెళ్లినా కథ ముందుకే వెళ్లింది.

మూడు కథలనూ కట్టే దారం

మనుషులు అటూ ఇటూ తిరిగినంత మాత్రాన మూడు కథలు ఒక్కటి కావు. వాటన్నిటిలోనూ కనిపించే వస్తువో, పనో ఒకటి కావాలి. ఈ మూడింటిలో అది వెర్న్ చేతి మీదుగానే ఉంది, మనం కల్పించనక్కరలేదు: సముద్రంలోకి విసిరిన ఉత్తరం.

గ్రాంట్ కథ మొదలయ్యేదే షార్క్ కడుపులో దొరికిన సీసాతో. అందులో ఇంగ్లీషు, జర్మన్, ఫ్రెంచి భాషల్లో మూడు కాగితాలు, మూడింటినీ ఉప్పునీరు తినేసింది. దక్షిణ అక్షాంశం 37 డిగ్రీల 11 నిమిషాలు అన్నది మిగిలింది, రేఖాంశం చెరిగిపోయింది. ఆ చెరిగిన ముక్క కోసమే భూమి చుట్టూ తిరుగుతారు. దీవి కథలో టాబర్ సంగతి చెప్పే రెండో సీసా దొరుకుతుంది. తరువాత అయర్టన్, తానెప్పుడూ ఏ సీసా విసరలేదంటాడు. విసిరింది నెమో. ఇక మూడోది నాటిలస్ కథలో ఉంది, చాలామంది గమనించరు. నెమో అరోనాక్స్‌కు ఒక రాతప్రతి చూపిస్తాడు. పలు భాషల్లో రాసిన ఆ ప్రతిలో తన పరిశోధనలు, జీవితకథ ఉన్నాయనీ, దాన్ని మునగని పెట్టెలో పెట్టి, నాటిలస్‌లో చివరిదాకా బతికినవాడు సముద్రంలో వదులుతాడనీ చెబుతాడు.

ఆ పెట్టె తరువాత ఏమైందో వెర్న్ చెప్పలేదు. నాటిలస్‌లో చివరిదాకా బతికింది నెమోయే. చనిపోయే ముందు అతడు సైరస్‌కు వజ్రాలు, ముత్యాలు నిండిన పెట్టె ఇస్తాడు. నా కూర్పులో ఆ నగల అడుగున రాతప్రతి కూడా ఉంటుంది. సముద్రంలో వదలాల్సింది మనుషుల చేతికి ఇచ్చాడు. మనుషులతో తెగతెంపులు చేసుకున్నవాడు మళ్లీ మనుషులను నమ్మాడనడానికి అంతకన్నా ఏం కావాలి? మూలానికి నేను చేర్చిన పెద్ద కల్పన ఇదొక్కటే. దాని గురించి ముందుమాటలో స్పష్టంగా రాశాను. మీరూ చేర్చిన ప్రతి వాక్యాన్నీ గుర్తుపెట్టుకుని, చివర ఒక పుటలో ఒప్పుకోండి. వెర్న్ రాసింది ఏది, మీరు రాసింది ఏది అన్నది పాఠకుడికి తెలియాలి.

గుహలో నెమో పేరు సైరస్‌కు ఎలా తెలుసన్న చిక్కు, నాటిలస్ ప్రయాణాన్ని 1860కి వెనక్కి జరపగానే దానంతట అదే విడిపోతుంది. అసలు తేదీల ప్రకారం అరోనాక్స్ పుస్తకం సైరస్ చదివి ఉండే వీలే లేదు, అతడు 1865 నుంచి దీవిలోనే ఉన్నాడు. మన కూర్పులో యుద్ధానికి ముందే చదివాడు. అందువల్ల ఆ సంభాషణను ఉన్నదున్నట్టు ఉంచవచ్చు. అరోనాక్స్, అతడి ఇద్దరు సహచరులు సుడిగుండంలో చనిపోలేదా అని నెమో అడుగుతాడు. తన వల్ల చనిపోయారనుకున్నవాళ్లు బతికే ఉన్నారని చివరి గంటల్లో తెలియడం ఎంత గొప్ప ఘట్టం! దాని వెంటనే భాగం మార్చి, అరోనాక్స్ కథ మొదలుపెట్టండి.

ఇంత ఉత్కంఠ మధ్య నాటిలస్ కథ పొడుగ్గా సాగితే పాఠకుడు అలసిపోతాడు. దాన్ని నాలుగో వంతుకు తగ్గించాల్సిందే. చేపల జాబితాలు పోతాయి, దేశదేశాల సముద్ర వర్ణనలు పోతాయి. సముద్రం అడుగున సమాధి, సింహళ తీరంలో ముత్యాలు తీసే మనిషి, ఆక్టోపస్‌తో పోరు, శత్రునౌకను ముంచడం, ఆ తరువాత భార్యాబిడ్డల పటం ముందు నెమో మోకరిల్లి ఏడవడం, ఇవి ఉంటే చాలు. అరోనాక్స్ ‘నేను’ అంటూ చెప్పే గొంతును మాత్రం ప్రథమ పురుషలోకి మార్చకండి. నెమో బయటివాడి కళ్లకు కనిపిస్తేనే నెమో. గొంతులు వేరువేరుగా ఉండటం కలిపిన కథకు లోపం కాదు.

దీవి కథలో సైరస్ రసాయన శాస్త్రాన్ని కూడా కొంత తగ్గించవచ్చు, కానీ పూర్తిగా తీసేయకండి. రెండు గడియారాల అద్దాలను కలిపి, మధ్యలో నీళ్లు నింపి, భూతద్దం చేసి నిప్పు పుట్టించడం లేని ‘రహస్య ద్వీపం’ నాకు అక్కరలేదు.

ఏ అనువాదం దగ్గర పెట్టుకోవాలి

ఫ్రెంచి రాకపోతే ఇంగ్లీషు మీదే ఆధారపడాలి. అక్కడ ఎంపిక సరిగా లేకపోతే మొదటికే మోసం వస్తుంది. నాటిలస్ కథకు 1870లలో మెర్సియర్ చేసిన పాత అనువాదమే అన్నిచోట్లా దొరుకుతుంది. అందులో సుమారు అయిదో వంతు కోసేశారు. సముద్రం అడుగున తొడిగే దుస్తుల్ని బెరడు చొక్కాలన్నారు, తేలడానికి తొడిగే చొక్కాలతో అడుగుకు ఎలా దిగుతారు? ఎఫ్. పి. వాల్టర్ చేసిన పూర్తి అనువాదం ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్ వెబ్‌సైటులో ఉచితంగా చదవవచ్చు, అది చూడండి.

దీవి కథకు 1875 నాటి కింగ్‌స్టన్ అనువాదం మరీ ప్రమాదం. మీరూ నేనూ ఎవరి కథ చెబుతున్నాం? నెమో అసలు పేరు దక్కర్. బుందేల్‌ఖండ్ రాజకుమారుడు. 1857 పోరాటంలో ముందు వరుసలో నిలబడి, పదిసార్లు గాయపడి, ఓడిపోయి, సర్వం పోగొట్టుకున్నవాడు. వెర్న్ మొదట అతణ్ణి రష్యా మీద కత్తిగట్టిన పోలండ్ ప్రభువుగా అనుకున్నాడు, రష్యాలో పుస్తకాలు అమ్ముడుపోవని ప్రచురణకర్త ఎట్సెల్ ఒప్పుకోలేదు. ఆ విధంగా నెమో చివరికి మనవాడయ్యాడు. కింగ్‌స్టన్ అనువాదంలో ఆ భాగం తారుమారైంది. స్వార్థపరులైన రాజులు జనాన్ని రెచ్చగొట్టారనీ, అరాచకం నుంచి, దుఃస్థితి నుంచి దేశాన్ని బయటపడేసినవాళ్లు ఇంగ్లీషువాళ్లనీ మూలంలో లేని వాక్యాలు చేర్చారు. సైరస్ స్మిత్ పేరును కూడా హార్డింగ్ అని మార్చారు. మీ చేతిలో ఉన్న ప్రతి ఏదో తేల్చుకోవడానికి ఆ పేరే గుర్తు. హార్డింగ్ అని కనిపిస్తే నెమో మరణ ఘట్టానికి దాన్ని వాడకండి. ఫ్రెంచి తెలిసిన ఎవరిచేతనైనా ఆ ఒక్క అధ్యాయం చదివించుకుని, తెలుగులో సూటిగా రాయండి.

దక్కర్‌ను టిపూ సాహెబ్ మేనల్లుడన్నాడు వెర్న్. మైసూరుకూ బుందేల్‌ఖండ్‌కూ చుట్టరికం ఎలా కుదిరిందని మన పాఠకులు తప్పక అడుగుతారు. నేను దాన్ని మార్చలేదు. వెర్న్ దూరం నుంచి ఈ దేశాన్ని ఎలా ఊహించాడో కూడా కథలో భాగమే. అవసరమనిపిస్తే అడుగున ఒక పంక్తి గమనిక పెట్టండి.

ముత్యాలు తీసే మనిషి ఘట్టాన్ని ఎట్టి పరిస్థితిలోనూ కుదించకండి. షార్క్ నోటి నుంచి ఆ పేదవాణ్ణి కాపాడి, నెమో అతడి చేతిలో ముత్యాల సంచి పెడతాడు. అణగారిన దేశపు మనిషి అతడు, తుదిశ్వాస దాకా తానూ ఆ దేశపు మనిషినే అన్న అర్థంలో తరువాత అంటాడు. నెమో భారతీయుడన్న రహస్యానికి విత్తనం పడింది ఇక్కడే అన్నట్టుగా చదువుకోవచ్చు. మన వరుసలో పాఠకుడికి అప్పటికే దక్కర్ సంగతి తెలుసు కాబట్టి, ఆ మాట మరింత లోతుగా తాకుతుంది.

పంచడం గురించి

భారత చట్టం ప్రకారం రచయిత మరణించిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్ల పాటు కాపీరైటు ఉంటుంది. వెర్న్ 1905లో చనిపోయాడు. మూల నవలలను మీరు కత్తిరించవచ్చు, కలపవచ్చు, అనువదించవచ్చు, పంచవచ్చు. కానీ కొత్త అనువాదాలకు వాటి హక్కులు విడిగా ఉంటాయి. ఇంగ్లీషులోనైనా తెలుగులోనైనా ఈ మధ్య వచ్చిన అనువాదంలోని వాక్యాలను ఎత్తి పెట్టుకోవద్దు. గుటెన్‌బర్గ్ ప్రతులకు కూడా మొదటి పుటలో ఉన్న షరతులు చదవండి.

ఇదే పనిని ఐజాక్ అసిమోవ్ రోబో, ఫౌండేషన్ నవలలతో చేయాలని మా బృందంలో ఒకరికి కోరిక. ఆయన 1992లో చనిపోయారు కాబట్టి ఇక్కడ 2052 చివరి దాకా హక్కులు ఉంటాయి. పైగా 1980లలో ఆ రెండు వరుసలనూ ఆయనే స్వయంగా కలిపారు. కార్డ్ నవలల సంగతీ అంతే, రచయిత మన మధ్యే ఉన్నారు. అలాంటివాటి మీద చేసే కూర్పును మీ దగ్గరే ఉంచుకోండి. చదివే వరుసను మాత్రం, అంటే ఏ అధ్యాయం తరువాత ఏది చదవాలన్న జాబితాను, నలుగురికీ ఇవ్వడంలో తప్పు లేదు. అందులో రచయిత వాక్యం ఒక్కటీ ఉండదు.

మొదలుపెట్టేటప్పుడు గ్రాంట్ కథ మొదటి పుట నుంచి రాయకండి. ముందు ఒక పట్టిక గీసుకోండి. ఒక గడిలో సంఘటన, పక్కన అది ఏ పాత్రకు తెలుసో, ఆ పక్కన పాఠకుడికి ఎప్పుడు తెలియాలో రాయండి. అది పూర్తయ్యాక అయర్టన్ తన నేరం ఒప్పుకునే అధ్యాయాన్ని రాసి చూడండి. పాఠకుడికి అప్పటికే తెలిసిన కథను అతడు మళ్లీ చెప్పాలి, విసుగు పుట్టకూడదు. నేను సంఘటనలన్నీ తీసేసి, ఆ పన్నెండేళ్ల ఒంటరితనాన్ని మాత్రమే అతడి నోట పలికించాను. మీకు వేరే దారి తోచవచ్చు. రాశాక ఇక్కడ పెట్టండి, తప్పకుండా చదువుతాను.